స్నానాల గది భద్రత: పాతబస్తీ ఇళ్లు, కీళ్లవాతం ఉన్న మనుషులు

కీళ్లవాతం ఉన్న మనిషికి ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన చోటు స్నానాల గది, మరుగుదొడ్డి. కూర్చోవడం, లేవడం, వంగడం, తిప్పడం, పిండడం, ఎత్తడం అన్నీ అక్కడే చేయాలి. అదీ తడి నేల మీద, తలుపు వేసుకుని, పక్కన ఎవరూ లేకుండా. అందుకే ఆ గదిని కీళ్లకు అనువుగా మార్చుకోవడాన్ని మందులు, వ్యాయామాలతో పాటు చికిత్సలో భాగంగానే చూడాలి. ఈ విషయం మీద దొరికే పుస్తకాల్లో ఎక్కువ భాగం బాత్‌టబ్బు, షవరు, చక్రాల కుర్చీ తిరిగేంత జాగా ఉన్న ఇళ్లను మనసులో పెట్టుకుని రాసినవి. హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండలోనో, గౌలిపురాలోనో, యాకుత్‌పురాలోనో కనిపించేది వేరు: మెట్ల కింద ఇరుకు గది, గద్దె మీద ఇండియన్ సీటు, నీళ్లు నింపిన డ్రమ్ము, బకెట్, మగ్గు. ఆ గదిలో ఏం చేయవచ్చన్నదే ఇక్కడి విషయం.

కీళ్లు ఏ పనికి మొరాయిస్తాయి

కీళ్లవాతం అనేది వందకు పైగా జబ్బులకు కలిపి వాడే పేరు. ఎక్కువమందిలో కనిపించేది ఆస్టియో ఆర్థ్రైటిస్, అంటే కీలులోని మృదులాస్థి అరిగిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 52.8 కోట్ల మందికి ఇది ఉంది. అందులో మోకాళ్లకు వచ్చినవారే 36.5 కోట్లు. భారతదేశంలో 1990లో సుమారు 2.3 కోట్లుగా ఉన్న ఈ రోగుల సంఖ్య 2019 నాటికి 6.2 కోట్లు దాటింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వచ్చేవారు అంతకన్నా చాలా తక్కువ, కానీ అది ముందుగా చేతివేళ్ల మీద, మణికట్టు మీద పడుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ. యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్ రాత్రికి రాత్రి కాలి బొటనవేలిని నేలకు ఆననివ్వకుండా చేస్తుంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ పాతికేళ్ల కుర్రవాడి నడుమును బిగించేస్తుంది. వీటికి తోడు హైదరాబాద్‌వాళ్లకు చికున్‌గున్యా సంగతి బాగా తెలుసు. 2005 చివరలో మొదలై 2006లో ఆంధ్రప్రదేశ్ అంతటా పాకిన ఆ జ్వరం వారం పది రోజుల్లో తగ్గినా, కీళ్ల నొప్పులు కొందరిని నెలల తరబడి, కొందరిని ఏళ్ల తరబడి వదల్లేదు. కనుక ఈ సమస్యను ముసలివాళ్లకే పరిమితం చేసి చూడకూడదు.

స్నానాల గది విషయానికి వస్తే జబ్బు పేరు కన్నా అది ఏ పనికి అడ్డం పడుతోందన్నది ముఖ్యం. గొంతుక్కూర్చోవాలంటే మోకాలు 130 డిగ్రీలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ మడతపడాలి. కుర్చీలో కూర్చోవడానికి 90 డిగ్రీలు చాలు, లేవడానికి ఇంకొంచెం. అరిగిన మోకాలైనా, ఆపరేషన్‌లో మార్చిన మోకాలైనా ఎక్కువగా ఈ రెండిటి మధ్యనే ఎక్కడో ఆగిపోతుంది. వేళ సంగతి కూడా చూడాలి. ఆస్టియో ఆర్థ్రైటిస్‌లో పొద్దున బిగుసుకున్న కీళ్లు అరగంటలోపు సర్దుకుంటాయి. రుమటాయిడ్‌లో గంట దాటినా సర్దుకోవు. మనిషి మరుగుదొడ్డికి వెళ్లేది సరిగ్గా ఆ వేళలోనే. డాక్టరు ఒప్పుకుంటే పొద్దున మాత్రను మంచం మీదే వేసుకోవడం, మంచం మీదే కాళ్లు చేతులు ఆడించి లేవడం, స్నానాన్ని పది గంటలకు జరుపుకోవడం అనే మూడింటికి పైసా ఖర్చు లేదు.

పడటం వీరికి మామూలు వారికన్నా ప్రమాదం. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడితే ఎముకలు గుల్లబారతాయి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకున్నవారికి కూర్చుని లేవగానే కళ్లు తిరగవచ్చు. 2008లో అమెరికాలో బాత్‌రూంలో గాయపడి అత్యవసర విభాగాలకు వచ్చిన, 15 ఏళ్లు నిండినవారు సుమారు 2,34,000 మంది అని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కగట్టింది. ఆ గాయాల్లో 81 శాతం పడటం వల్ల అయినవే. దీనికి రెండో వైపు ఆశ కలిగించేది. ఇంట్లో పడటానికి కారణమయ్యే వాటిని సరిచేస్తే ఏం జరుగుతుందో 22 అధ్యయనాలను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2023లో వెలువడింది. పడే ప్రమాదం ఎక్కువగా ఉన్న వృద్ధుల ఇళ్లలో మార్పులు చేస్తే పడటాలు 38 శాతం తగ్గాయని అది తేల్చింది.

మెట్ల కింద గది

1591లో చార్మినార్ చుట్టూ పుట్టిన ఊరిలో పెద్ద దేవిడీలకైనా, మామూలు ఇళ్లకైనా మరుగుదొడ్డి వాకిలి చివర, పడకగదికి దూరంగా ఉండేది. నీళ్ల ఊసు లేని ఆ దొడ్లను సాటి మనుషులు చేతులతో ఎత్తి శుభ్రం చేసేవారు. ఆ అమానుషాన్ని 1993లో ఒకసారి, 2013లో మరింత గట్టిగా చట్టం నిషేధించింది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు నగరానికి డ్రైనేజీ పథకం కూడా రూపొందించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మురుగు గొట్టం గల్లీ గల్లీకి చేరేకొద్దీ ఫ్లష్ మరుగుదొడ్డి ఇంటి లోపలికి వచ్చింది. ఈలోగా అన్నదమ్ముల పంపకాల్లో ఇల్లు అరవై, ఎనభై గజాల ముక్కలైంది. ఇక మిగిలిన జాగా మెట్ల కిందే.

ఆ గదిని కాస్త దగ్గరగా చూద్దాం. వెడల్పు మూడడుగులు, పొడవు నాలుగైదు అడుగులు. మెట్ల వాలు వల్ల లోపలి కొసన తల తగులుతుంది కాబట్టి నడుం వంచే తిరగాలి. ఇండియన్ సీటు కింద ట్రాప్ (వంపు గొట్టం) కూర్చోవాలి, గొట్టానికి వాటం దొరకాలి. అందుకని నేల మీద గద్దె కట్టి సీటును దాని మీద పెడతారు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో చాలా ఇళ్లు గల్లీ కన్నా పల్లమైపోయాయి. వానాకాలంలో మురుగు ఎదురు తన్నకుండా గద్దెను ఇంకా ఎత్తు చేస్తారు. దాంతో గడప దాటగానే ఏడెనిమిది అంగుళాల మెట్లు రెండు, పైన పాదాలు ఆనడానికి జానెడు జాగా. తలుపు లోపలికి తెరుచుకుంటే, తడి మెట్టు మీద నిలబడి ఒంటి చేత్తో తలుపు లాక్కుని వెనక్కి తిరగాలి. మోకాలు సరిగా మడతపడని మనిషి ఈ పనిని రోజుకు ఐదారుసార్లు చేయాల్సి వస్తోంది, రాత్రిపూట కూడా.

గద్దెను పగలగొట్టడం అన్ని ఇళ్లలో కుదరదు, మురుగు ఎదురు తన్నే గల్లీల్లో మంచిది కూడా కాదు. 2020 అక్టోబరు వానలకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు బస్తీల్లోకి నీళ్లు చొరబడినప్పుడు ఇళ్లలో మిగిలిన బురదను చూసినవారెవరూ గద్దెను దించమని సలహా ఇవ్వరు. దానికి బదులు గడప బయట వెడల్పాటి మెట్టు ఒకటి కట్టించి ఎక్కే ఎత్తును పంచుకోవచ్చు. ఒక్కో మెట్టు నాలుగైదు అంగుళాలకు మించకుండా, పాదం మొత్తం ఆనేలా పన్నెండు అంగుళాల వెడల్పుతో ఉండాలి. మెట్టు అంచున పసుపు రంగు పట్టీ వేస్తే చూపు మందగించినవారికి ఎక్కడ దిగాలో తెలుస్తుంది. పక్కన నిలువుగా ఒక పట్టుకడ్డీ తప్పనిసరి. తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించడం మేస్త్రీకి ఒక పూట పని. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపును తోయడానికి వీలుండదు. ఇదొక్క కారణం చాలు ఆ పని చేయించడానికి. పైనుండే గడియ తీసేసి, అవసరమైతే బయటి నుంచి తెరవగలిగే రకం పెట్టించాలి.

కూర్చునే ఎత్తు

పాతబస్తీ ఇంట్లో చేయదగ్గ మొదటి మార్పు ఏదని అడిగితే, గొంతుక్కూర్చునే అవసరం తప్పించడమే అని చెప్పాలి. వెస్టర్న్ కమోడ్ పెట్టించగలిగితే మంచిదే. అయితే అది గోడ నుంచి రెండడుగులకు పైగా ముందుకు వస్తుంది, దాని ముందు మోకాళ్లకు మరో రెండడుగులు కావాలి. పైన చెప్పిన గదిలో అది ఇరుక్కుంటే ఉన్న కష్టం రెట్టింపవుతుంది. అలాంటి చోట ఇండియన్ సీటు మీదుగా నిలిపే కమోడ్ కుర్చీ మేలు. స్టీలు లేదా అల్యూమినియం చట్రం, నడుమ రంధ్రం ఉన్న సీటు, రెండు వైపులా చేతులు ఆనించే కడ్డీలు, కాళ్లకు రబ్బరు బుష్‌లు. కోఠీ సర్జికల్ దుకాణాల్లో ఇవి దొరుకుతాయి. కొనేముందు గద్దె వెడల్పు కొలిచి తీసుకెళ్లాలి. నాలుగు కాళ్లూ గద్దె మీదే గట్టిగా ఆనాలి. ఒక కాలు పింగాణీ అంచు మీద పడితే ఆ కుర్చీ ఆ ఇంటికి పనికిరాదు. మామూలు ప్లాస్టిక్ కుర్చీకి నడుమ రంధ్రం కోసి వాడటం చాలా ఇళ్లలో చూస్తాం. కోసిన చోటే పగులు మొదలవుతుంది, తడి నేల మీద కాళ్లు నలువైపులా విచ్చుకుంటాయి. దయచేసి ఆ పని చేయవద్దు.

ఎత్తుకు ఒక సులభమైన కొలత ఉంది. చెప్పులు లేకుండా నిలబడినప్పుడు నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో సీటు అంతకు తగ్గకూడదు. లేవడం కష్టమైనవారికి రెండు అంగుళాలు ఎక్కువ ఉండవచ్చు. అందరికీ అందుబాటుగా ఉండే కట్టడాల కోసం కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ తెచ్చిన మార్గదర్శకాలు కమోడ్ ఎత్తును 450 నుంచి 480 మిల్లీమీటర్లుగా చెబుతాయి. మామూలు కమోడ్లు అంతకన్నా కురచగా ఉంటాయి కనుక పైన బిగించే రైజర్ సీటు వాడతారు. తుంటి కీలు మార్పిడి జరిగినవారికి ఎత్తు ఎంత ఉండాలో సర్జన్‌నే అడిగి, ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే అమర్చాలి.

పెద్దవాళ్లు కుర్చీ మీద కూర్చోవడానికి ఇష్టపడకపోతే అది మొండితనమని కొట్టిపారేయకూడదు. జీవితమంతా వేరేలా అలవాటైన శరీరం, శుభ్రత గురించిన పట్టింపు రెండూ నిజమైనవే. చాలా ముస్లిం కుటుంబాల్లో కాలకృత్యాలప్పుడు కిబ్లా వైపు, అంటే నమాజులో తిరిగే మక్కా దిక్కుకు, ముఖం గానీ వీపు గానీ పెట్టరు. హైదరాబాద్ నుంచి మక్కా దాదాపు పడమర, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. కమోడ్ లేదా కుర్చీని ఎటు తిప్పాలో మేస్త్రీ ముందే అడగాలి. అడగకుండా తూర్పు పడమరలుగా బిగించిన కమోడ్‌ను ఆ ఇంటి పెద్దమనిషి వాడటం మానేసి, నొప్పి భరిస్తూ పాత సీటుకే వెళితే పెట్టిన ఖర్చంతా వృథా. శుభ్రం చేసుకోవడానికి హెల్త్ ఫాసెట్ ఉంటే చేయి వెనక్కి తిప్పే శ్రమ తగ్గుతుంది. కానీ దాని మీట నొక్కడానికి వేళ్ల బలం కావాలి. వేళ్లు వంకరపోయినవారికి కమోడ్‌కే అమర్చే, పక్కనున్న మీట తిప్పితే నీళ్లొచ్చే రకం నయం.

గోడ ఏదో తెలుసుకోకుండా డ్రిల్ పెట్టకండి

పట్టుకడ్డీ అంటే మనిషి బరువంతా ఒక్కసారిగా పడినా ఊడిరానిది. అమెరికా ప్రమాణాల ప్రకారం అది దాదాపు 113 కిలోల ఒత్తిడికి తట్టుకోవాలి. టవల్ వేసుకునే కడ్డీ అందులో పదో వంతుకే ఊడివస్తే ఆశ్చర్యం లేదు. అది బట్ట బరువుకు చేసినది. గాలి పీల్చి టైలుకు అంటుకునే రబ్బరు కప్పుల హ్యాండిళ్లను కూడా నమ్మకూడదు. పట్టు ఎప్పుడు వదులుతుందో అవి చెప్పవు, గరుకు బండల మీద అసలు అంటుకోవు.

పాతబస్తీలో పని కష్టమయ్యేది గోడ దగ్గర. ఒకే ఇంట్లో మూడు రకాల గోడలు ఉండవచ్చు. పాత భాగంలో రాయి, డంగు సున్నంతో కట్టిన అడుగున్నర మందం గోడ. తర్వాత కట్టిన భాగంలో తొమ్మిది అంగుళాల ఇటుక గోడ. మెట్ల కింద గదిని వేరు చేసేందుకు లేపిన నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. రాతి గోడ చూడటానికి బలంగా ఉంటుంది గానీ, డ్రిల్ రెండు రాళ్ల మధ్య సున్నంలో దిగితే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు వేలితో లాగితే వచ్చేస్తుంది. రంధ్రం లోంచి వచ్చే పొడి తెల్లగా, మెత్తగా ఉంటే సున్నం తగిలినట్టే. అక్కడ ఆపి, చోటు మార్చి రాయి దొరికే దాకా చూడాలి, లేదా పొడవాటి చువ్వను కెమికల్ యాంకర్ జిగురుతో దింపించాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు మంచి ఎక్స్‌పాన్షన్ బోల్టు చాలు, అది ఇటుక నడుమన దిగాలి, సిమెంటు అతుకులో కాదు. నాలుగున్నర అంగుళాల గోడకు ఏ బోల్టునూ ఒక వైపు నుంచే బిగించకూడదు. గోడకు ఆరపార రంధ్రం వేసి, అవతలి వైపు ఇనుప పలక పెట్టి నట్టు బిగించాలి. గోడ అసలే నమ్మకంగా లేకపోతే, నేలలో పాతిన జీఐ పైపును పైన స్లాబుకో మెట్ల దూలానికో కలిపి నిలబెట్టడం పాత ఇళ్లకు నప్పే పద్ధతి. పని అయ్యాక ఇంట్లో అందరికన్నా బరువైన మనిషి దాన్ని పట్టుకుని వేలాడి చూడాలి.

కడ్డీ లావు 3 నుంచి 4 సెంటీమీటర్లు, గోడకూ కడ్డీకీ మధ్య ఎడం 4 సెంటీమీటర్లు ఉంటే పిడికిలి సరిగా పడుతుంది. చేయి జారి మోచేయి ఇరుక్కునేంత ఎడమూ ఉండదు. గడప దగ్గర నిలువు కడ్డీ, సీటు పక్కన అడ్డ కడ్డీ ఉండాలి. రుమటాయిడ్ ఉన్నవారికి ఇక్కడ వేరే ఏర్పాటు కావాలి. పిడికిలి బిగించలేని మనిషికి సన్నని కడ్డీ వల్ల ఉపయోగం లేదు. ముంజేయి మొత్తం ఆనించి లేవగలిగేలా వెడల్పాటి పలకనో, రెండు వైపులా చేతులున్న కుర్చీనో అమర్చాలి. ఏది ఎక్కడ ఉండాలో ఆ మనిషిని అక్కడ కూర్చోబెట్టి, లేచేటప్పుడు చేయి సహజంగా ఎటు వెళుతోందో చూసి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. చార్టుల్లో కొలతలు సగటు మనిషివి.

నల్లా నీళ్లు, బకెట్ బరువు

జలమండలి నీళ్లు నగరంలో ఎక్కువ చోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. 2021 జనవరి నుంచి అమలైన నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం బిల్లు భారం తగ్గించింది గానీ, నీళ్లు పట్టి దాచుకునే పని తప్పలేదు. అందుకే స్నానాల గదిలో సగం జాగా డ్రమ్ములదే. ఇరవై లీటర్ల బకెట్ నిండితే ఇరవై కిలోలు. వాచిన మణికట్టుతో దాన్ని ఎత్తడం, కింద పెట్టిన బకెట్ లోంచి వంగి వంగి మగ్గుతో ముంచుకోవడం రెండూ కీళ్లను అరగదీసే పనులే.

కీళ్లవాతం ఉన్న మనిషి బకెట్ ఎత్తకూడదన్నది ఆ ఇంట్లో నియమంగా పెట్టుకోవాలి. డ్రమ్మును ఇటుకల పీట మీద ఎత్తి, అడుగున చిన్న నల్లా బిగిస్తే నీళ్లు వాటంతటవే బకెట్‌లోకి వస్తాయి. బకెట్‌ను కూర్చున్న మనిషి తొడ ఎత్తులో, పక్కనే బలమైన స్టూలు మీద పెట్టాలి. స్నానం కూర్చునే చేయాలి. దానికి నాలుగు కాళ్లకూ రబ్బరు ఉన్న, నీళ్లు నిలవకుండా రంధ్రాలున్న, సీటు ఎత్తు సరిపోయే స్టూలు కావాలి. వంటింట్లో వాడే కురచ పీట కూర్చోవడానికి తేలికే, లేవడానికి నరకం. అర లీటరు పట్టే తేలికపాటి మగ్గుకు పిడి చుట్టూ గుడ్డ చుట్టి లావు చేస్తే వేళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. గుండ్రంగా తిప్పే నల్లాల స్థానంలో పావు చుట్టు తిప్పితే తెరుచుకునే పొడవు మీట నల్లాలు పెట్టిస్తే వాటిని మోచేత్తో కూడా కట్టేయవచ్చు.

గోరువెచ్చని నీళ్లు బిగుసుకున్న కీళ్లకు నిజంగానే హాయినిస్తాయి. ప్రమాదం ఆ నీళ్లు కాచుకునే తీరులో ఉంది. బకెట్‌లో రాడ్ హీటర్ పెట్టి, ఆ మరిగే బకెట్‌ను గడప దాటించి మోసుకెళ్లడం కన్నా ప్రమాదకరమైన పని ఇంట్లో మరొకటి ఉండదేమో. 60 డిగ్రీల నీళ్లు అయిదారు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. గీజరు ఉంటే థర్మోస్టాట్‌ను 49 డిగ్రీలకు మించకుండా పెట్టాలి. లైనుకు 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి. గ్యాస్ గీజరును గాలి ఆడని స్నానాల గదిలో ఎప్పుడూ పెట్టకూడదు. దాన్నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కీళ్ల నొప్పులున్న మనిషి స్నానానికి అందరికన్నా ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఆ ప్రమాదం ముందు వచ్చేది వారికే.

నేల

వికారాబాద్ జిల్లాలోని తాండూరు నుంచి, సరిహద్దు అవతల కర్ణాటకలోని షాబాద్ నుంచి వచ్చే సున్నపురాయి బండలు పాతబస్తీ ఇళ్లకు చిరకాలంగా నేల. పాలిష్ పట్టని బండ పాదానికి మంచి పట్టునిస్తుంది. ఏళ్ల నడకకు నున్నబడినా, పాలిష్ పట్టించినా తడిస్తే జారుతుంది. దానికి విరుగుడు అదే బండను మళ్లీ గరుకుగా చెక్కించడం. యాసిడ్ పోసి కడగడం మాత్రం సున్నపురాయికి పడదు. రాయి కరిగి గుంటలు పడతాయి, ఆ గుంటల్లో పాచి చేరుతుంది. యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే విషవాయువు పుడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. కొత్తగా టైల్స్ వేయించేవారు మెరుపు చూసి ఎంచుకోకూడదు. జారకుండా ఉండే గుణాన్ని ఆర్9 నుంచి ఆర్13 దాకా సూచిస్తారు; స్నానాల గదికి ఆర్10 లేదా ఆర్11 అడగాలి. చిన్న టైల్స్ అయితే మధ్య అతుకులు ఎక్కువ, పట్టూ ఎక్కువ. బోరు నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి నేల మీద తెల్లని పొరగా పేరుకుంటుంది. చూడటానికి శుభ్రంగా ఉన్న నేల జారేది తరచూ ఈ పొర వల్లే, కాబట్టి వారానికి రెండుసార్లు గట్టి బ్రష్‌తో రుద్దాలి.

నూనె గురించి వేరుగా చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు నువ్వుల నూనె, ఆవనూనె మర్దనా చేసుకుని వేడినీళ్లు పోసుకోవడం తెలుగు ఇళ్లలో, దక్కనీ ఇళ్లలో ఒకేలా ఉన్న అలవాటు. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రి వైద్య సంప్రదాయంలో కూడా కీళ్లవాతానికి, అంటే వజ-ఉల్-మఫాసిల్‌కు, మర్దనా ఒక చికిత్స. మర్దనాతో హాయి కలిగితే మానమని ఎవరూ చెప్పరు. కానీ అరికాళ్లకు నూనె రాసుకుని తడి బండ మీద అడుగు పెట్టకూడదు. మంచం మీద రాసుకుని, అరగంట ఆగి, పాదాలను పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు లోపలికి వెళ్లాలి. ఉగాదికో నరక చతుర్దశికో ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకునే రోజున నేల మీద నూనె, సున్నిపిండి, కుంకుడు రసం అన్నీ చేరతాయి. ఆ రోజు ముందుగా స్నానం చేయాల్సింది ఇంట్లో కీళ్ల నొప్పులున్న మనిషి. పిల్లల వంతు ఆ తర్వాతే.

అలాగే వుజూ. రోజుకు ఐదుసార్లు నమాజుకు ముందు చేతులు, ముఖం, పాదాలు కడుక్కోవడం కీళ్లు బాగున్నవారికి రెండు నిమిషాల పని. నిలబడి ఒక కాలు ఎత్తి వాష్‌బేసిన్‌లో పెట్టడం అరిగిన మోకాలికి, తుంటికి అసాధ్యం. పాతబస్తీ మక్కా మసీదులోలా కూర్చుని చేసుకునే ఏర్పాటు ఇంట్లోనూ ఉండాలి: గోడ వారగా పద్దెనిమిది అంగుళాల ఎత్తు అరుగు, ఎదురుగా మోకాలి ఎత్తులో మీట నల్లా, కింద మోరీకి వాటం, అందుబాటులో పొడి తువ్వాలు. దీన్ని మరుగుదొడ్డిలో కాకుండా వరండాలో కట్టిస్తే స్నానాల గది నేల రోజులో చాలాసేపు పొడిగా ఉంటుంది. నీళ్లు హాని చేసేంత జబ్బులో తయమ్ముమ్‌కు, అంటే నీళ్లకు బదులు శుభ్రమైన మట్టితో చేసే శుద్ధికి, మతంలోనే వెసులుబాటు ఉంది. ఆ మాట పెద్దవాళ్లకు పిల్లలు చెప్పడం కన్నా ఇమామ్ చెబితే మనసు కుదుటపడుతుంది.

వెలుతురు గురించి రెండు మాటలు చాలు. స్విచ్ గది బయట, తడి లేని చోట ఉండాలి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బులు, కరెంటు పోయినా వెలిగే బ్యాటరీ దీపం ఒకటి ఉండాలి.

సాయం ఎక్కడ దొరుకుతుంది

మనిషి పనులు, ఇంటి కొలతలు రెండూ చూసి సలహా ఇచ్చేవారు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. వారి పేరు చాలామంది రోగులకు తెలియదు. ఉస్మానియా, నిమ్స్ వంటి పెద్దాసుపత్రుల ఎముకల విభాగంలోనో, రుమటాలజీ విభాగంలోనో చూపించుకునేటప్పుడు ఫిజియోథెరపీతో పాటు దీని గురించీ అడగాలి. వెళ్లేటప్పుడు స్నానాల గది ఫోటోలు, గడప ఎత్తు, తలుపు వెడల్పు, సీటు ఎత్తు రాసుకుని పోతే వారి సలహా ఇంటికి సరిపోతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో కీళ్లవాతం పేరు లేదు. కానీ దాని వల్ల కదలిక దెబ్బతింటే చలన వైకల్యం కింద సదరం శిబిరంలో అంచనా వేస్తారు. 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ధ్రువపత్రం వస్తుంది. దారిద్ర్యరేఖకు దిగువనున్న, 60 ఏళ్లు దాటినవారికి ఉచితంగా సహాయ పరికరాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైంది. మొదట చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీల వంటివి ఇచ్చిన ఈ పథకంలో తర్వాత కమోడ్ ఉన్న కుర్చీలు, మోకాలి పట్టీలు కూడా చేర్చారు. ఇంట్లో గోడకు కడ్డీ బిగించడానికి, మెట్టు సరిచేయడానికి సాయం మాత్రం ఈ జాబితాలో లేదు, ఉండి తీరాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 హైదరాబాద్‌లో మొదలై దేశమంతటికీ విస్తరించింది. పథకాల వివరాలకు, ఒంటరిగా ఉన్నవారి సాయానికి ఆ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పాతబస్తీలో చాలామంది ఉండేది కిరాయి ఇళ్లలో. ఇంటి యజమానులకు ఒక విన్నపం. గోడకు నాలుగు బోల్టులు కొట్టుకుంటామని, తలుపు బయటికి తిప్పించుకుంటామని కిరాయిదారు అడిగితే కాదనకండి. వారు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఆ కడ్డీని విప్పించకండి. తర్వాత వచ్చే కుటుంబంలోనూ మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉండవచ్చు.